గడపకు అడ్డంగా ముగ్గుపిండి

నాకు భయమేస్తే నోరు లేస్తుంది. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. నేనెంత గట్టిగా అరుస్తున్నానో విని, లోపల ఎంత భయపడుతున్నానో మా ఆయన అంచనా వేస్తాడు. కానీ రెండేళ్ళ కింద వానాకాలంలో ఒక రోజు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నేను గొంతు లేపలేదు. ఆ రోజు భయపడ్డంతగా నా జన్మలో ఎన్నడూ భయపడలేదు.

మా ఇల్లు సిద్దిపేటలో, కోమటి చెరువు దాటినాక కొత్తగా పడిన కాలనీలో ఉంది. కింద మేముంటాం. పైన టీచరమ్మ వాళ్ళు కిరాయికి ఉంటారు. పక్క ప్లాటు ఖాళీ. దాని ఆసామి హైదరాబాదులో ఉంటాడు, ప్లాటులో మాత్రం సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగి ఉంటుంది. మా ఆయనకు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. మా ఒక్కగానొక్క బిడ్డ తొలి కాన్పుకు వచ్చింది, ఆడపిల్లను కన్నది. నేను చెప్పబోయే నాటికి ఆ పిల్లకు పన్నెండు రోజులు.

బాలింత సేవ దగ్గర నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇంట్లో గీజరు ఉన్నా సరే, తల్లికీ పిల్లకూ కట్టెల పొయ్యి మీద వావిలాకు వేసి కాగబెట్టిన నీళ్ళే పోయాలన్నాను. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ పిడకల నిప్పు మీదనే వేయాలన్నాను. నంగునూరులో ఉండే మా అన్నకు ఫోన్ చేస్తే ఒక ట్రాలీ ఆటోలో కట్టెలూ పిడకలూ వేసి పంపించాడు. వాటిని వెనక వరండాలో మెట్ల కింద పేర్పించాను. బాలింత నేల మీదే పడుకోవాలని వెనక గదిలోంచి మంచం తీయించి పరుపు కింద పరిపించాను. ఇరవై ఒకటో రోజుదాకా పిల్లను తొట్టెలలో వేయకూడదు కాబట్టి పిల్ల కూడా తల్లి పక్కన బొంత మీదే. వరండాలో వాన జల్లుకు పిడకలు తడుస్తాయని, ఒక గంపనిండా తెచ్చి ఆ గదిలోనే మూలకు పెట్టుకునేదాన్ని. స్నానం వేళకు రెండు తీసి నిప్పు చేసేదాన్ని.

మా బిడ్డ నవ్వేది. "గీజరు ఒత్తితే అయిపోయేదానికి అడివంత ఇంట్లకు తెస్తివి గదమ్మా" అనేది.

"నోరు మూస్కొని పొగ వట్టు" అనేదాన్ని నేను.

ఆ రోజు పొద్దున స్నానాలు అయ్యాయి. గంపలోంచి రెండు పిడకలు తీసి పొగ వేశాను. పిల్ల తుమ్మి, పాలు తాగి పడుకుంది. నేను పొత్తిగుడ్డలు ఉతకడానికి వెనక వరండాలోకి పోయి, వాషింగ్ మిషన్ పైపు సరిచేద్దామని వంగాను. పైపు వెనకాల గోడకు ఆనుకుని తెల్లటి పొర ఒకటి కనిపించింది. ప్లాస్టిక్ కవరు అనుకుని చేత్తో పట్టి లాగాను. మూరెడు వచ్చింది. ఇంకా లాగితే ఇంకో మూరెడు వచ్చింది. చివరన కళ్ళ స్థానంలో రెండు గుండ్రటి మచ్చలున్నాయి.

అది కుబుసం. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అరవడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆ గోడకు అవతలి వైపే బాలింత గది. చీర కొంగు నోట్లో కుక్కుకుని అక్కడే కూలబడ్డాను.

బాలింత బెదిరితే పాలు ఎండిపోతాయని అంటారు. నాకు అది ఎవరో అన్న మాట కాదు, నా ఒంటి మీద జరిగిన సంగతి. నేను బాలింతగా ఉన్న తొమ్మిదో రోజున మా నాయిన పోయాడన్న కబురు తెచ్చారు. ఎవరో తొందరపడి గడపలో నిలబడే చెప్పేశారు. ఆ సాయంత్రానికి నా రొమ్ముల్లో చుక్క లేదు. మందులు మింగాను, వెల్లుల్లి కారం తిన్నాను, మొక్కని దేవుడు లేడు. పాలు మాత్రం తిరిగి రాలేదు. నా బిడ్డ డబ్బా పాల మీద పెరిగింది. అది ఏడ్చినప్పుడల్లా నా రొమ్ము నోట్లో పెట్టుకుని, ఏమీ రాక, నా ముఖంలోకి చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ బిడ్డే ఇప్పుడు ఆ గదిలో తన పిల్లను పక్కన వేసుకుని పడుకుని ఉంది. నేను ఏం చేసినా సరే, దానికి తెలియకుండానే చేయాలనుకున్నాను.

దుకాణంలో ఉన్న మా ఆయనకు ఫోన్ చేసి, వంటింట్లో నిలబడి గుసగుసగా చెప్పాను. "పాము జొర్రింది ఇంట్ల. కుబుసం దొరికింది. జల్ది రా."

"ఎంతున్నదే? పెద్దదా?"

"నువ్వొచ్చి కొలుసుకో! పాములు వట్టేటాయనకు ఫోన్ చెయ్యి. ఇంటికొచ్చినంక ఒర్రకు. పొల్లకు తెల్వొద్దు."

నేను గుసగుసలాడటం ఆయన ముప్పై ఏళ్ళలో మొదటిసారి విన్నాడు. ఇంకేమీ అడగకుండా షట్టరు దించి బయలుదేరానని తర్వాత చెప్పాడు. పాములు పట్టేవాడు మాత్రం కొమురవెల్లి దిక్కు ఎవరింటికో పోయి ఉన్నాడు. సాయంత్రం నాలుగింటికి గానీ రాలేనన్నాడు. అప్పటికి పొద్దున పది కూడా కాలేదు.

ముందు బాలింత గది చూశాను. ఒక కర్ర పట్టుకుని లోపలికి పోయేసరికి బిడ్డ తల ఎత్తింది.

"ఏం దేవులాడుతున్నవమ్మా?"

"ఎలుకలు వడ్డయి బిడ్డా. బియ్యం సంచి కొరికినయ్. గీడ గూడ ఉన్నయేమో సూస్తున్న."

పరుపు నాలుగు మూలలూ ఎత్తి చూశాను. బట్టల బీరువా కింద కర్ర పెట్టి తిప్పాను. పిల్ల మూటలోని గుడ్డలు ఒక్కొక్కటీ దులిపాను. తలుపు వెనక, కిటికీ జాలీ, పైన గాలి కోసం వదిలిన కన్నం, అన్నీ చూశాను. పిడకల గంపను కూడా కాలితో పక్కకు జరిపి దాని వెనకున్న గోడ మూల చూశాను. ఏమీ లేదు. గంపను మళ్ళీ మూలకు నెట్టబోయి, సాయంత్రం చేతికి అందుతుంది కదా అని పరుపు తలాపు దగ్గరికి జరిపి పెట్టాను.

ఆ గదిలో ఏమీ లేదని తేలినాక నాకు కొంచెం ఊపిరి ఆడింది. ఇక బయటిది లోపలికి పోకుండా చూస్తే చాలు. తలుపు దగ్గరగా వేసి, కింది సందులో పాత చీర ముక్కలు కుక్కాను. వెల్లుల్లి దంచి నీళ్ళలో కలిపి ఆ గుడ్డల మీద పోశాను. గడపకు అడ్డంగా ముగ్గుపిండి జానెడు వెడల్పున చల్లాను. ఏ పురుగు దాటినా పిండి మీద గీత పడుతుంది, అప్పుడు తెలుస్తుంది. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

మా ఆయన వచ్చేసరికి నేను వంటింట్లో గ్యాస్ పొయ్యి కింద చూస్తున్నాను. ఆయన గుమ్మంలోనే ఆగి, చెప్పులు విడవకుండా కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"నువ్వు కుర్సీ మీద నిలవడి పాముకు సలాం కొడ్తవా?" అన్నాను.

"జెర్రిగొడ్డు అయ్యుంటదే. గది ఏం చెయ్యది" అన్నాడు పైనుంచే.

"గట్లయితే కిందికి దిగు మరి."

దిగాడు పాపం. ఇద్దరం కలిసి ఇల్లంతా గాలించాం. ఆరేళ్ళుగా ఉంటున్న ఇంట్లో ఇన్ని సందులు, ఇన్ని కన్నాలు ఉన్నాయని నాకు ఆ రోజే తెలిసింది. ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం చుట్టూ సిమెంటు రాలి రెండు వేళ్ళు పట్టేంత సందు ఉంది. బాత్రూములో నీళ్ళు పోయే చోట జాలీ విరిగి ఎన్నాళ్ళయిందో. బియ్యం సంచుల వెనక నిజంగానే ఎలుక పెంటికలున్నాయి. నేను బిడ్డకు చెప్పిన అబద్ధం సగం నిజమే అయింది. ఎలుక ఉన్న చోటికి పాము వస్తుందని తెలుసు కాబట్టి ఆ నల్లటి గింజలను చూసి సంచులన్నీ ఒక్కొక్కటీ బయటికి మోశాను. మోటారు గుంత మూత ఎత్తితే ఒక కప్ప ఎగిరి మా ఆయన పాదం మీద పడింది. ఆయన కేక నోటి దాకా వచ్చింది. నేను చేతులతో ఆయన నోరు మూశాను.

ఫ్రిజ్ వెనక చేయి పెట్టాల్సి వచ్చినప్పుడు నా వేళ్ళు నా మాట వినలేదు. చెమటకు కర్ర జారిపోతోంది. వైరు కదిలితే వెనక్కి దూకాను, తలుపు కొక్కేనికి వేలాడుతున్న మా ఆయన బెల్టు చూసి గోడకు అతుక్కుపోయాను. చూసిన చోట ఇక లేదన్న ధైర్యం లేదు. మేము వంటింట్లో ఉన్నప్పుడు అది హాల్లోకి, మేము హాల్లోకి వస్తే అది వంటింట్లోకి పోతుండవచ్చు. ప్రతి పది నిమిషాలకూ పోయి బాలింత గది గడప చూసేదాన్ని. ముగ్గుపిండి చల్లినట్టే ఉండేది. దాని మీద చీమ అడుగు కూడా లేదు. ఆ పిండిని చూసి నేను దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

మెట్ల కింద కట్టెల దగ్గరికి మాత్రం ఇద్దరమూ పోలేదు. దూరం నుంచి పొడుగు కర్రతో నాలుగుసార్లు కొట్టాం. ఏమీ రాలేదు. నా కోపమంతా పక్క ప్లాటు మీద ఉంది. ఆ తుమ్మ పొదల్లోంచే వచ్చిందని నాకు గట్టి నమ్మకం. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, హైదరాబాదు ఆసామిని తిట్టలేక మా ఆయనను తిట్టాను. బాత్రూము జాలీ పెట్టించమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో, ప్లాటు సంగతి మున్సిపాలిటీలో చెప్పమని ఎన్నిసార్లు అన్నానో అన్నీ ఏకరువు పెట్టాను. అదీ గుసగుసగానే. గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు.

"తల్లీపిల్లలను పైన టీచరమ్మ ఇంట్ల కూసోవెడ్దాం" అన్నాడు మా ఆయన.

"పచ్చి బాలింత ఇంకొకరి గడప తొక్కుతదా? ఇరవై ఒక్క దినాలు గాకముందే?"

"పోనీ పొల్లకన్న చెప్దామే. గదీ కండ్లు తెర్సి కూసుంటది."

"చెప్తే బెదురుతది. పాలెండుతయి. నా బతుకు నువ్వు చూడలేదా?"

ఆయన చూశాడు. ఆ రోజుల్లో డబ్బా పాలకోసం దుకాణాలన్నీ తిరిగింది ఆయనే. తల వంచుకుని మళ్ళీ సోఫా కింద టార్చి వేశాడు.

మధ్యాహ్నం బిడ్డకు అన్నం పట్టుకుపోయాను. ముగ్గుపిండి మీద అడుగు పడకుండా దాటి, గుడ్డలు తీసి, తలుపు కొద్దిగా తెరిచి లోపలికి దూరాను. పిల్ల నిద్రపోతోంది. గంపకూ పిల్ల తలకూ మధ్య జానెడు కూడా లేదు. నాకు అప్పుడు అది కంటికి ఆనలేదు. గంప నా గంప, రోజూ రెండు పూటలా నేను చేయి పెట్టే గంప.

"అమ్మా, గీ గదిల గూడ..." అని బిడ్డ ఏదో చెప్పబోయింది.

"గీడ లేవు. నేను చూసిన. మాట్లాడకుంట తిను, పిల్ల లేస్తది" అన్నాను.

గిన్నె కింద పెట్టి వచ్చేశాను. మళ్ళీ గుడ్డలు ఇంకా గట్టిగా కుక్కాను.

నాలుగింటికన్న పాములు పట్టేవాడు ఐదింటికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. బండి మీద ఒక ఇనుప కొక్కెం, మూతకు కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా. నేను కాగితంలో చుట్టి ఉంచిన కుబుసం విప్పి చూపించాను. వేళ్ళతో నలిపి, వెలుతురుకు పట్టి చూశాడు.

"గిది నేటిది గాదక్కా. ఎండి పెళుసైంది. రెండు మూడు దినాలైంది ఇడ్సి."

"ఏం పాము తమ్మీ?"

పొలుసులు ఇంకోసారి చూసి, "కట్లపామే అనిపిస్తుంది" అన్నాడు.

మా ఆయన గోడ పట్టుకున్నాడు. జెర్రిగొడ్డు అన్న నోరు మళ్ళీ తెరవలేదు.

పాములాయన ఇల్లంతా తిరగలేదు. సరాసరి మెట్ల కిందికి పోయి కట్టెలు ఒక్కొక్కటీ కొక్కెంతో లాగి పడేయడం మొదలుపెట్టాడు. కట్టెల్లో ఏమీ లేదు. పిడకల వరసలు కదిపాడు. అడుగున, పిడకల సందులో, ఇంకో కుబుసం ముక్క బెత్తెడు దొరికింది.

"మకాం గీ పిడకలల్లనే పెట్టింది. ఇప్పుడైతే లేదు" అని లేచి నిలబడి, చేతులు దులుపుకుంటూ మామూలుగా అడిగాడు. "గీడికెళ్ళి పిడకలేమన్న లోపటికి తీస్కపోయిన్రా అక్కా?"

మొన్న సాయంత్రం, వాన వచ్చేటట్టుందని. గంప నిండా. నా రెండు చేతులతో దొంతరలుగా ఎత్తి.

పరుగెత్తాను. నేను కుక్కిన గుడ్డలు నీళ్ళకు ఉబ్బి తలుపును పట్టేశాయి. తలుపు రాలేదు. గోళ్ళతో పీకాను. గోరు విరిగింది. ఆ రెండు నిమిషాల్లో నేను లోపల ఏం చూస్తానో అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. పొద్దున స్నానం తర్వాత పైవరస పిడకలు అయిపోవచ్చాయని, వేళ్ళు లోపలికి పెట్టి రెండోవరసవి తీశానని అప్పుడే గుర్తొచ్చింది. చూడకుండా తీశాను, మాట్లాడుతూ తీశాను. మా ఆయన నన్ను పక్కకు తోసి భుజంతో గుద్దితే తలుపు తెరుచుకుంది.

బిడ్డ గోడకు చేరగిలబడి కూర్చుంది. పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది. కుడి చేతిలో ఫోను. ఎడమ మోచేయి గంప అంచు మీద ఆనించి ఉంది.

పాములాయనే ముందుకు వచ్చి, మెల్లగా, పెండ్లి పిలుపుకు వచ్చినంత నిదానంగా మాట్లాడాడు.

"చెల్లె, నన్నే చూడు. గా చెయ్యి నిమ్మలంగ పైకి తియ్యి. పిల్లను రెండు చేతుల వట్టుకో. గట్లనే కూసో, లేవకు."

బిడ్డ ఆయనను చూసింది, నన్ను చూసింది. చేయి తీసింది. ఆయన కొక్కెం వేసి గంపను తన వైపు లాక్కుని, ఎత్తకుండా నేల మీదే ఈడ్చుకుంటూ వరండాలోకి తీసుకుపోయాడు. పటకారుతో పిడకలు ఒక్కొక్కటీ తీశాడు. మూడో వరస కింద ఉంది. నల్లగా నిగనిగలాడుతూ, తెల్లటి గీతలతో, తల తన చుట్టల కిందే దాచుకుని పడుకుని ఉంది. మా ఆయన బొటనవేలంత లావు కూడా లేదు. ఇంత చిన్నదాని కోసమా నేను ఫ్రిజ్ జరిపింది, బియ్యం సంచులు మోసింది.

"గిది కరిస్తే చీమ కుట్టినట్టు గూడ ఉండదక్కా" అన్నాడు డబ్బా మూత బిగిస్తూ. "నిద్రల కరిస్తే, కరిసిందని గూడ తెల్వదు."

"చంకల పిల్లను వెట్టుకొని ఊరంత దేవులాడినట్టాయె..." అని మా ఆయన మొదలుపెట్టి, నా ముఖం చూసి ఆగిపోయాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

పాములాయన పోయాక నేను గది గడప దగ్గరికి వచ్చాను. లోపల అడుగు పెట్టే ధైర్యం లేదు. ముగ్గుపిండి మీద మా అందరి కాళ్ళ గుర్తులు ఉన్నాయి. దాని మీద పాము గీత ఎక్కడా లేదు. అది ఆ గడప పాకుతూ దాటలేదు. నా చంకలో దాటింది.

బిడ్డ ఒళ్ళంతా వణుకుతోంది. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నన్ను చూసి చెప్పింది.

"పొద్దుగాల్నుంచి గా గంపల చప్పుడైతుందమ్మా. మెల్లగ, గీకినట్టు. నువ్వు ఎలుకలంటివి గదా, ఎలుకే అనుకున్న. నీతోని చెప్పబోతే తిను అంటివి. ఊకె చప్పుడైతుందని..." ఆగి, తన అరచేతి వైపు చూసుకుంది. "చేత్తోని గంప మీద తట్టిన. మూడు నాలుగుసార్లు తట్టిన. తట్టితే ఊకునేది."

గడప మీదే కూర్చున్నాను. చెప్పి ఉంటే తెలిసేది. పాము అని ఒక్క మాట చెప్పి ఉంటే, మొదటి చప్పుడుకే పిల్లను ఎత్తుకుని బయటికి వచ్చేది. నేను దానికి ఎలుక అని చెప్పి, తలుపు వేసి, సందులు మూసి, పొద్దంతా ఆ పాముతో పాటు లోపల పెట్టి కాపలా కాశాను.

"నేనే తెచ్చి పెట్టిన బిడ్డా" అన్నాను. "నేనే నీకు చెప్పలే. నువ్వు బెదురుతవని, పాలు పోతయని. నాకు పోయినట్టే నీకు పోతయని."

బిడ్డ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. పిల్లను గుండెకు అదుముకుంది. ఆ ఒత్తిడికి పిల్ల లేచి గుక్కపట్టి ఏడ్చింది, ఆకలి ఏడుపు. పాతికేళ్ళ కిందటి ఆ సాయంత్రం నా ముందు వచ్చి నిలబడింది. బిడ్డ వణికే వేళ్ళతోనే జాకెట్టు విప్పి పిల్లను రొమ్ముకు పట్టింది.

పిల్ల ఏడుపు ఆగిపోయింది. గుటక వేసింది. మళ్ళీ ఒక గుటక. పాలు పెదవి చివర నుంచి కారి, తల్లి చీర మీద పడ్డాయి. ఆ గుటకల చప్పుడు నాకు గడప మీదికి వినిపించింది.